పడవ కడుపులోని యంత్రం

నదిని గురించి, పడవను గురించి భారతీయ సాహిత్యాలలో లోటన్నది లేదు. బెంగాలీలో అయితే పడవ కనిపించని నవల అరుదు. మాణిక్ బందోపాధ్యాయ 1936లో ప్రకటించిన ‘పద్మానదీర్ మాఝి’, అద్వైత మల్లబర్మన్ మరణానంతరం 1956లో వెలువడిన ‘తితాస్ ఏక్‌టి నదీర్ నామ్’ చదివినవారికి ఆ పడవల తడి వాసన సైతం తెలుసును. తెడ్డుకూ, తెరచాపకూ, పడవవాని పాటకూ కావ్యగౌరవం ఎన్నడో దక్కింది. కాని పడవ అడుగున, నూనె మరకల చీకటిలో కూర్చుండి పనిచేసే యంత్రానికి గాని, దానిని బ్రతికించి ఉంచే మనిషికి గాని ఆ గౌరవం ఇంకా అందలేదు. అందుకు కారణం లేకపోలేదు. తెడ్డు చప్పుడు నదిలో కలిసిపోతుంది. యంత్రపు చప్పుడు నదినే మ్రింగివేస్తుంది. కవి చెవి మొదటిదానిని వెదుకుతుంది, రెండవదానినుండి పారిపోతుంది. అయితే ఆ చప్పుడు ఆగిపోయిన క్షణంలో నడినది మీద ఉన్నవారికి మాత్రం, లోకంలో దానికంటె మధురమైన సంగీతం మరొకటి లేదనిపిస్తుంది.

గంగా, బ్రహ్మపుత్ర, మేఘనా నదులు సముద్రాన్ని చేరే చోట, భారతదేశమూ బంగ్లాదేశమూ పంచుకొన్న మడ అడవుల సీమ సుందర్‌బన్. భారతదేశపు భాగంలోని 102 దీవులలో 54 దీవులమీద మనుషులు కాపురం ఉంటున్నారు. సుమారు 3,500 కిలోమీటర్ల మట్టికట్టలు ఆ కాపురాలను ఉప్పునీటినుండి వేరుచేస్తున్నవి. దినానికి రెండు మారులు పోటు, రెండు మారులు ఆటు. పోటువేళ కట్ట అంచుదాకా నిండే నది, ఆటువేళ మోకాటిలోతు బురదను మిగిల్చి ఎక్కడికో తొలగిపోతుంది. ఆ దీవులలో బియ్యపు బస్తా, పెండ్లికూతురు, పరీక్షకు పోయే విద్యార్థి, ప్రసవవేదన పడుతున్న స్త్రీ, అందరూ పడవ ఎక్కవలసినవారే. ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో అక్కడి నాటుపడవలకు తెడ్డు స్థానంలో డీసెలు ఇంజను వచ్చి చేరింది. దాని చప్పుడునుబట్టి జనం ఆ పడవకు ‘భట్‌భటి’ అని పేరు పెట్టుకొన్నారు. పేరులో వెక్కిరింత లేకపోలేదు గాని, పెట్టినవారు దినమూ ఎక్కేది దానినే.

ఈ ఇంజను పడవ వెనుక తగిలించి అవసరం తీరగానే విప్పుకొనిపోయే జాతిది కాదు. పడవ కడుపులోనే, అడ్డదూలాలమీద బోల్టులతో బిగించబడి, అక్కడినుండి ఒక ఇనుప షాఫ్టు ద్వారా నీటిలోని పంకాను త్రిప్పుతుంది. కనుక పడవకూ దానికీ ఉన్న సంబంధం బండికీ ఎద్దుకూ ఉన్న సంబంధం వంటిది కాదు. దేహానికీ గుండెకూ ఉన్న సంబంధం వంటిది. పడవ పాతబడితే యంత్రం బాధపడుతుంది. యంత్రం అదిరితే పడవ చెక్కలు వదులవుతవి. ఒకదానిని బాగుచేయడానికి కూర్చున్నవాడు రెండవదాని నాడి కూడా పట్టుకోక తప్పదు.

ఆ రేవులలో ముసలి ఇంజనులు అనేకం. వాటిలో పెద్దవంశం లిస్టరుది. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్ జిల్లాలో డర్స్‌లీ అనే చిన్న పట్టణంలో, ఆర్. ఎ. లిస్టర్ కంపెనీవారు 1930 ప్రాంతంలో ఈ రకాన్ని తయారుచేయ నారంభించారు. ఒకే సిలిండరు, దాని వ్యాసం నాలుగున్నర అంగుళాలు, పిస్టను నడక ఐదున్నర అంగుళాలు. నిమిషానికి 600 లేక 650 చుట్లు మాత్రమే తిరిగి 5 లేక 6 గుర్రాల బలం ఇస్తుంది. ఇరుప్రక్కల రెండు బరువైన ఫ్లైవీళ్ళు. మొత్తం తూకం 300 కిలోలు దాటుతుంది. నేటి లెక్కలో ఇంత ఇనుముకు ఇంత బలం అంటే నవ్వు వస్తుంది. కాని దాని దీర్ఘాయువు రహస్యం ఆ మందగమనంలోనే ఉన్నది. తొందరపడని యంత్రం తొందరగా అరగదు. 1980లు ముగిసేనాటికి డర్స్‌లీలో దాని తయారీ నిలిచిపోయింది. అయితే అప్పటికే గుజరాతులోని రాజ్‌కోట్ పట్టణపు కార్ఖానాలు దాని అచ్చును పుణికిపుచ్చుకొని, అదే కొలతలతో ఇంజనులు పోతపోయడం నేర్చుకొన్నవి. కన్నతల్లి గతించినా పెంపుడు తల్లి ఇంట వంశం నిలిచినట్లయింది.

దానిని మేల్కొలిపే విధానంలో కూడా ఒక పాతకాలపు మర్యాద ఉన్నది. మీట నొక్కితే లేచేది కాదు. మొదట ఒక చిన్న పిడిని ఎత్తి, పొగవాల్వును తెరిచి ఉంచాలి. అప్పుడు సిలిండరులో గాలి బిగపట్టదు. తరువాత చేతిపిడి తగిలించి ఫ్లైవీలును మెల్లగా, ఆపైన వేగంగా త్రిప్పాలి. చక్రానికి తగినంత ఊపు వచ్చిందని భుజానికి తోచినప్పుడు వాల్వును వదలిపెట్టాలి. ఒక్క క్షణం నిశ్శబ్దం, ఒక నల్లని పొగచుట్ట, ఒక దగ్గు, పిమ్మట లయ. ఆ ఊపు ఎంత కావాలో ఏ పుస్తకమూ చెప్పదు. అది భుజం నేర్చుకొనవలసిన పాఠం.

గోసాబా రేవులో ఈ పాఠం నేర్చినవారిలో ఒక ముసలి మిస్త్రీ ఉండేవాడు. పల్చని మనిషి, వ్రేళ్ళ గోళ్ళలో నలుపు ఏ సబ్బుకూ లొంగనిది. చిన్న సరంగులందరూ అతనిని ‘కాకా’ అని పిలిచేవారు. పడవ ఇంకా వంపు తిరగకముందే, కనబడకముందే, చప్పుడు విని అది ఎవరి పడవో, దానికి ఏమి జబ్బో అతడు చెప్పగలిగేవాడు. సరంగు రేవులో తాడు కట్టి ఇంకా దిగీ దిగకముందే, “నాజిలు కారుతున్నది, ఎన్నాళ్ళనుండి?” అని అడిగేవాడు. అతని పెట్టెలో ఉన్నవి కొద్ది వస్తువులు: నాలుగైదు పానాలు, ఒక ఆకురాయి, రాగితల సుత్తి, వాల్వులు నూరే ముద్ద ఒక డబ్బా, సన్నని ఉక్కురేకుల కొలత కట్ట ఒకటి. ఇవిగాక, ఒక పాత సైకిలు చువ్వ. చువ్వ ఒక కొనను ఇంజనుకు ఆనించి, రెండవ కొనను చెవి వెనుక ఎముకకు ఆనించుకొని వినేవాడు. వైద్యుని గొట్టంతో పోలిస్తే అది బీద పనిముట్టు. కాని బేరింగు అరుగుదల దానికి తప్పించుకొన్న సందర్భాలు తక్కువ.

జబ్బు తెలుసుకోవడం సగం పని మాత్రమే. మిగిలిన సగం మందు దొరకించుకోవడం. పాత ఇంజనుకు విడిభాగం వెదకడం ఒక తీర్థయాత్ర. మొదటి మజిలీ క్యానింగు పట్టణపు దుకాణాలు. అక్కడ రింగులు, వాల్వులు, గాస్కెట్లు వంటి తరచు అరిగేవి దొరుకుతవి. రెండవది కలకత్తాలోని మల్లిక్‌బజారు. పాత మోటారుబండ్ల అవయవాలు గుట్టలుగా పోసిన ఆ సందులలో, కావలసిన వస్తువు పేరుతో అడిగేవానికి దొరకదు; పాడైన వస్తువును గుడ్డలో చుట్టి తెచ్చి చూపించేవానికి దొరుకుతుంది. మూడవది గంగ ఆవలి ఒడ్డున హౌరాలోని బెలిలియస్ రోడ్డు. అక్కడి చిన్న పోతశాలలలోను, లేతు కొట్లలోను, ఎక్కడా దొరకని భాగాన్ని పాతదాని నమూనాచూచి కొత్తగా పుట్టిస్తారు. ఇవన్నీ కాకపోతే రాజ్‌కోట్‌కు ఉత్తరం వ్రాసి, రైలు పార్సెలు కోసం ఎదురుచూడాలి. 1983లో గుజరాతు తీరాన ఆలంగ్ వద్ద ఓడలను విరగగొట్టే పని ఆరంభమైనప్పటినుండి మరొక దారి కూడా ఏర్పడింది. సముద్రాలు తిరిగి అలసిన ఓడల ప్రాణరక్షక పడవలలోని ఇంజనులు, పంపులు, కవాటాలు ఆ ఒడ్డున అమ్ముడుపోయి దేశమంతటా చేరుతున్నవి. ఒక ఓడ మరణం వేరొక పడవకు ఆయుర్దాయం.

భాగం దొరికినంత మాత్రాన సరిపోయిందని సంతోషించేవాడు కొత్తవాడు. పాత ఇంజను ఇంగ్లండు కొలతలది. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరచుట్ల పద్ధతి దానిది; ఆ చుట్ల కోణం 55 డిగ్రీలు. మెట్రిక్ మరల కోణం 60 డిగ్రీలు. భారతదేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. ఆనాటినుండి దుకాణాలలో రెండు ప్రపంచాలు ప్రక్కప్రక్క సీసాలలో కాపురం ఉంటున్నవి. అర అంగుళం విట్‌వర్త్ బోల్టు ఉండవలసిన చోట పన్నెండు మిల్లీమీటర్ల బోల్టు పెడితే, మొదటి ఒకటి రెండు చుట్లు వినయంగానే లోపలికి పోతుంది. తరువాత మొరాయిస్తుంది. బలవంతపెడితే పాత మర పళ్ళను కొరికివేస్తుంది. అప్పటికి బిగిసినట్లే ఉండి, నడినదిలో అదురుకు ఊడిపోతుంది. పానాల సంగతి కూడా అంతే. పాత విట్‌వర్త్ పానామీది అంకె నట్టు వెడల్పును చెప్పదు. అది పట్టే బోల్టు లావును చెబుతుంది. ఈ తేడా తెలియనివాడు సరియైన పానాను తప్పుడు పానా అనుకొని పారవేస్తాడు. ముసలి మిస్త్రీ అంగుళాన్ని ఎనిమిది భాగాలుచేసి ఒక్కొక్క భాగాన్ని ‘సూతా’ అనేవాడు. సూతా అంటే నూలు పోగు. తెలుగునాట వడ్రంగులు అదే కొలతను నూలు అనడం గమనించదగినది. భాషలు వేరైనా చేతిపనివారు సన్నదనానికి వెదకుకొన్న ఉపమానం ఒక్కటే.

ఇక మేలిమికీ నకిలీకీ గల భేదం కొలతలకు అందదు. పిస్టను రింగు కొనేటప్పుడు అతడు దానిని ఖాళీ సిలిండరులో దించి, కొనల నడుమ సందును ఉక్కురేకుతో కొలిచేవాడు. వ్యాసంలో ప్రతి అంగుళానికీ, అంగుళంలో వెయ్యింట మూడు నాలుగు వంతుల సందు ఉండాలి. సందు చాలకపోతే వేడికి రింగు సాగి, కొనలు ఢీకొని సిలిండరును గీరుతుంది; ఎక్కువైతే బలం ఆవిరవుతుంది. సందు చాలనిదానిని ఆకురాయితో సరిచేయవచ్చును. కాని లోహమే చెడ్డదైతే చేయగలిగింది లేదు. అందుచేత కొలత అయిన తరువాత రింగును దారంతో వ్రేలాడదీసి గోటితో మీటేవాడు. మంచి పోత ఇనుము మ్రోగుతుంది. పగులున్నది మూగగా పలుకుతుంది. దుకాణదారుడు నొచ్చుకొంటే, “నిన్ను అనుమానించడంలేదు దాదా, ఇనుమును అడుగుతున్నాను” అనేవాడు.

ఈ చింత బెంగాలు బీదరేవులకు మాత్రమే పరిమితమైనది కాదు. అమెరికాలో 1922లో మిన్నెసోటా రాష్ట్రపు పెపిన్ సరస్సుమీద రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే యువకుడు, కాళ్ళకు పలకలు కట్టుకొని మోటారు పడవ వెనుక నీటిమీద జారి చూపించాడు. ఆ క్రీడ పెరిగినకొద్దీ దానికి ప్రత్యేకమైన పడవలు పుట్టినవి. అలలు తక్కువగా లేపుటకై నడుమభాగంలోనే ఇంజనును అమర్చిన పడవలవి. వాటిలో ఎన్నో అర్ధశతాబ్దం దాటి కూడా నేటికీ సరస్సులమీద తిరుగుతున్నవి. యజమానులు సెలవు దినాలలో వాటి క్రింద పడుకొని, తుప్పు గీకుతూ, విడిభాగాలకై ఊరూరా వాకబు చేస్తుంటారు. అక్కడి చిక్కు మరొక విధమైనది. ఆ ఇంజనులు మూలంలో ఫోర్డు, షెవ్రొలె మోటారుకార్లవే, నీటిపనికి మార్చబడినవి. కనుక కారు దుకాణంలోని భాగం చూపుకు అచ్చంగా సరిపోతుంది, ధర కూడా తక్కువ. కాని కారు స్టార్టరునుండి వెలువడే చిన్న నిప్పురవ్వ రోడ్డుమీద గాలికి పోతుంది. పడవ కడుపులో మూసిన గదిలో పెట్రోలు ఆవిరి పేరుకొని ఉంటే, అదే రవ్వ పడవను కాల్చివేస్తుంది. నీటిపనికి చేసిన భాగంలో రవ్వ బయటపడకుండ మూత ఉంటుంది. పైగా ఆ పడవలలో కొన్నిటి ఇంజనులు కారుకు వ్యతిరేకదిశలో తిరుగుతవి. అది తెలియక కారు భాగాలు అమర్చినవాని శ్రమ బూడిదపాలు. శీతకాలంలో నీరు వదిలివేయక మరచితే, లోపలి నీరు మంచుగా ఉబ్బి పోత ఇనుమును పగులగొడుతుంది. ఒకచోట వినోదం, ఒకచోట ఉపాధి. ఒకచోట మంచు శత్రువు, ఒకచోట ఉప్పు. పోలికలో కనిపించే సత్యం ఒక్కటే: సరిపోయినట్లు కనిపించడం వేరు, సరిపోవడం వేరు.

ఉప్పును గురించి ఇంకా చెప్పవలసి ఉన్నది. ఇంజనుకు చల్లదనం కావాలి. చుట్టూ ఉన్నది ఉప్పునీరు. ఆ నీటినే పంపుతో తోడి సిలిండరు చుట్టూ త్రిప్పి మరల నదిలోనికి వదులుతారు. నీరు బాగా వేడెక్కితే అందులోని సున్నమూ ఉప్పూ గోడలకు పొలుసుకట్టి దారులను మూసివేస్తవి. అందుచేత వేడిమి 60 డిగ్రీలు దాటకుండ చూచుకోవాలి. అట్లని అతిచల్లదనం మంచిది కాదు. చల్లని సిలిండరులో ఇంధనపు పొగ తేమతో కలిసి ఆమ్లమై గోడలను తినివేస్తుంది. బయటికి వచ్చే నీటిధార క్రింద చేయిపెట్టి, కాలకుండ, చల్లగా లేకుండ ఉండే మధ్యస్థితిని మిస్త్రీ నిర్ణయించేవాడు.

రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే వాటిలో ఒకటి మరొకదానికి ఆహారమవుతుంది. కంచు పంకా ప్రక్కన ఇనుప షాఫ్టు కరిగిపోవడం ఇందువల్లనే. అందుకు విరుగుడుగా యశదపు బిళ్ళనొకదానిని తగిలిస్తారు. అది తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. ఈ ఉపాయానికి మూలపురుషుడు హంఫ్రీ డేవీ. 1824లో ఆయన, ఓడల అడుగున తాపడం చేసిన రాగిరేకులను కాపాడుటకు యశదం, ఇనుము తగిలించి చూచాడు. రాగి కరగడం ఆగిపోయింది. కాని కరిగే రాగి విషానికి భయపడి ఇన్నాళ్ళూ దూరంగా ఉన్న గవ్వపురుగులు, నాచు ఇప్పుడు నిర్భయంగా వచ్చి ఓడకు అంటుకొని, దాని వేగాన్ని హరించినవి. శాస్త్రం నెగ్గింది, ఓడ ఓడింది. ప్రతి రక్షణకూ ఒక మూల్యం ఉన్నదనే సంగతిని ఇంతకంటె స్పష్టంగా చెప్పే కథ అరుదు.

షాఫ్టు పడవ గోడను దాటి నీటిలోనికి పోయే రంధ్రం వద్ద మరొక నీతి దాగి ఉన్నది. అక్కడ కొవ్వు పట్టించిన నూలుత్రాడును చుట్లుగా కూరి, ఒక బిళ్ళతో నొక్కి ఉంచుతారు. నీరు బొత్తిగా రాకుండ గట్టిగా బిగిస్తే త్రాడు మాడి షాఫ్టు అరుగుతుంది. వదులుగా ఉంచితే పడవ నిండుతుంది. నడిచేటప్పుడు బొట్టు బొట్టుగా కారడమే దాని ఆరోగ్యం. కొత్త శిష్యుడు ఆ బొట్టును చూచి కంగారుపడి పానా పట్టుకొంటే, ముసలివాడు అతని చేయి పట్టి ఆపేవాడు: “ఉండనీ ఖోకా, దానిని ఊపిరి పీల్చుకోనీ.” అట్లే ఇంజనునూ షాఫ్టునూ ఒకే వరుసలోనికి తెచ్చే పని ఒడ్డుమీద చేయకూడదు. బురదమీద కూర్చున్న పడవ ఒక ఆకారంలో ఉంటుంది, నీటిలో తేలిన పడవ మరొక ఆకారంలో ఉంటుంది. పడవను పోటుకు తేలనిచ్చి, కొంత సేపు ఆగి, అప్పుడే జతబిళ్ళల నడుమ ఉక్కురేకు దూర్చి నలువైపులా సందు సమానమని రూఢిచేసుకోవాలి. మనిషినయినా పడవనయినా వాని స్వస్థానంలో ఉన్నప్పుడే కొలవాలని ఈ విద్య నేర్పుతున్నది.

2009 మే 25న ‘ఐలా’ తుపాను ఈ విద్యను కఠినంగా పరీక్షించింది. కట్టలు తెగి ఉప్పునీరు ఊళ్ళలోనికి, పొలాలలోనికి, చెరువులలోనికి ప్రవేశించింది. రేవులలోని పడవలు మునిగిపోయినవి. మునిగిన ఇంజనును గురించి బయటివారికి తెలియని సంగతి ఒకటున్నది. అది నీటి అడుగున ఉన్నంతసేపు తుప్పు మెల్లగానే పడుతుంది. పైకి తీసి గాలికి వదిలివేసిన గంటలలోనే ఎర్రబారుతుంది. కనుక పనికి సిద్ధమైన తరువాతనే తీయాలి, తీసిన తరువాత ఆగరాదు. తొందరపడి త్రిప్పరాదు కూడా. సిలిండరులో నిలిచిన నీరు గాలివలె అణగదు, పిస్టను కడ్డీని వంచివేస్తుంది. నాజిలు విప్పి, ఫ్లైవీలును చేతితో మెల్లగా త్రిప్పి నీటిని వెళ్ళగొట్టాలి. ఇంధనపు పంపును శుభ్రమైన డీసెలుతో కడగాలి. అటుపై సిలిండరునూ క్రింది గదినీ మంచినీటితో కడగాలి. ఏలనంటే ఉప్పును నూనె కరిగించదు, నీరే కరిగించాలి. చివర కందెన పోసి, త్రిప్పి, మరల పోయాలి.

మంచినీరు అన్న ఈ ఒక్క మాటవద్ద ఆనాడు పని ఆగిపోయింది. చెరువులన్నీ ఉప్పైనవి. గొట్టపుబావులు అనేకం నీటిక్రింద ఉన్నవి. త్రాగే నీరు పడవలమీద రావలసి ఉన్నది. పడవలు కదలాలంటే ఇంజను కావాలి. ఇంజను బ్రతకాలంటే త్రాగే నీరు కావాలి. కట్టమీద గుడారం వేసుకొన్న ఒక కుటుంబంవద్ద రెండు కడవల నీరు మిగిలి ఉన్నది. మిస్త్రీ రెండు కడవలూ కావాలన్నాడు. ఆ ఇంటి ముసలమ్మ, ఒడిలో మనుమడు ఉన్నాడు, చాలసేపు మాట్లాడలేదు. తరువాత, “ఈ ఇనుముకు దాహమా, బాబూ?” అన్నది. ఆ ప్రశ్నలో కోపం లేదు. మిస్త్రీ ఒక కడవను ఆమె ముందుకు త్రోసి, ఒకదానినే తీసుకొన్నాడు. ఆ ఒక్క కడవతో సిలిండరును కడిగి, అదే నీటిని పట్టి వాల్వులను కడిగి, మరల అదే నీటితో క్రింది గదిని కడిగాడు. ఫ్లైవీలు ప్రక్కనున్న బేరింగుదాకా వచ్చేసరికి ఆ నీరు నదినీటికంటె ఏమంత తియ్యగా లేదు. దానికి నూనె మాత్రమే పట్టించి ఊరుకొన్నాడు. మరునాటి పోటుకు పడవ గోసాబా వైపు కదిలి, త్రాగునీటి డబ్బాలతో తిరిగి వచ్చింది. ఆ బేరింగు ఆరునెలలు గడవకముందే గుంటలుపడి చెడిపోయింది. చెడిపోతుందని అతనికి ఆనాడే తెలుసును. సరంగు ఆ ఖర్చును గురించి సణిగినప్పుడు అతడు సమాధానం చెప్పలేదు. కొత్త బేరింగు బిగించి, తన కూలి పుచ్చుకొనలేదు.

ఆ తరువాత కొన్నాళ్ళకు అదే సరంగు, “కాకా, దీనిని తీసి తూకానికి వేసి, కొత్త ఇంజను పెట్టుదునా?” అని అడిగాడు. అడిగినవాని వాదంలో బలం ఉన్నది. కొత్త ఇంజను తేలిక, వేగం ఎక్కువ, పిడి త్రిప్పే బాధ లేదు, చప్పుడు కూడా తక్కువ. పాతదాని పొగ, నదిలోనికి కారే నూనె అడవికి మేలుచేసేవి కావు. మిస్త్రీ ఈ మాటలలో దేనినీ కాదనలేదు. “పెట్టు. అయితే అది ఆగితే దానిని ఎవరు విప్పుతారో ముందు కనుక్కొని పెట్టు” అన్నాడు. ఇది పాతదానిపై మమకారం కాదు, లెక్క. పాత ఇంజను తరచు చెడుతుంది, కాని చెడిన చోటనే, నాలుగు పానాలతో, చేతికి అందిన మనిషితో బాగుపడుతుంది. కొత్తది అరుదుగా చెడుతుంది. చెడితే పట్టణం చేరేదాకా మౌనం వహిస్తుంది. నడినదిలో, ఆటు తీస్తున్న వేళ, పడవలో రోగి ఉన్నప్పుడు, ఈ రెండింటిలో ఏది మేలైనదో తేల్చడం సులభం కాదు. ఎంత వేగంగా పోతామన్నది ఒక ప్రశ్న. ఆగిపోయినప్పుడు ఏమి చేయగలమన్నది మరొక ప్రశ్న. నాగరికత మొదటి ప్రశ్నకే ఎక్కువ మార్కులు వేస్తున్నది.

కాలం కూడా తన తీర్పును చెబుతూనే ఉన్నది. 2011లో క్యానింగువద్ద మాట్లా నదిమీద వంతెన వచ్చింది. బురదలో దిగి, పడవ ఎక్కి, మరల బురదలో దిగే ప్రయాణం ఆ ఒక్క చోట చరిత్ర అయింది. దానికి విచారించడం అన్యాయం; తడిచీరలతో ఆ బురద దాటిన స్త్రీలను అడిగితే వంతెన విలువ తెలుస్తుంది. కాని వంతెన వచ్చిన ప్రతిచోట కొన్ని పడవలు ఒడ్డు ఎక్కుతవి, ఒడ్డెక్కిన పడవతోపాటు ఒక పానాల పెట్టె కూడా మూతపడుతుంది. ఐలా తరువాత ఉప్పుబారిన పొలాలను వదలి ఎందరో యువకులు దక్షిణాది నగరాలకు కూలికి పోయారు. మిస్త్రీ కుమారుడు కూడా వారిలో ఒకడు. ఏటికొకసారి వస్తాడు, తండ్రి పెట్టె తెరిచి చూస్తాడు, ఆకురాయిని చేతిలోకి తీసుకొని మరల పెట్టివేస్తాడు. అతనికి ఆ విద్య రాదని కాదు. ఆ విద్య తన పిల్లలకు అన్నం పెట్టునన్న నమ్మకం లేదు. తండ్రి కూడా ఉండమని అనలేదు. భాగాలు దొరకకపోవడంవల్ల ఆగిన ఇంజనులకంటె, చేతులు దొరకక ఆగబోయే ఇంజనులే ఎక్కువని అతనికి తెలుసును. ఏ మల్లిక్‌బజారులోను, ఏ హౌరా పోతశాలలోను తయారుచేయించుకొనరాని విడిభాగం అదొక్కటే.

ఈ యంత్రజాతికి మూలపురుషుడైన రుడాల్ఫ్ డీసెలు 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో తన ఇంజనును జయప్రదంగా నడిపి చూపించాడు. పదహారేండ్ల తరువాత, 1913 సెప్టెంబరు 29 రాత్రి, ఆంట్‌వెర్ప్‌నుండి ఇంగ్లండుకు పోతున్న ‘డ్రెస్డెన్’ అనే స్టీమరుమీదనుండి ఆయన అదృశ్యమయ్యాడు. కొన్ని దినాలకు దేహం సముద్రంలో దొరికింది. ఎట్లు పడిపోయాడో నేటికీ నిర్ధారణ కాలేదు. తన పేరును లోకమంతటి నీళ్ళమీదికి పంపినవానికి నీరే సమాధి అయింది. ఆయన పేరు ఇప్పుడు సుందర్‌బన్ దుకాణాలలో లీటరు లెక్కన అమ్ముడుపోతున్నది. అది ఒక మనిషి పేరని కొనేవారిలో ఎవరికో గాని తెలియదు.

పేరు మిగలడం గొప్ప అని లోకం అనుకొంటుంది. పేరులేని మిస్త్రీలు ఈ విషయంలో మరొక రకంగా జీవించారు. వారు ఏదీ కనిపెట్టలేదు. ఇతరులు కనిపెట్టినదానిని ఆగిపోకుండ చూచారు. సృష్టించినవానికి ఒక్క శుభముహూర్తం చాలును. నిలబెట్టేవానికి ప్రతి ఉదయమూ చేయి నూనెలో ముంచక తప్పదు. దీవులలో పుట్టిన ఎందరో బిడ్డలు, నడినదిలో కాక ఆసుపత్రిలో పుట్టగలగడానికి, ఒకానొక రాత్రి ఒక రింగు సందును ఎవడో సరిగా కొలవడమే కారణం. ఆ కొలిచినవాని పేరు ఆ బిడ్డలకు తెలియదు. తెలియవలసిన అవసరం ఉన్నదని అతడూ ఎన్నడూ అనుకొనలేదు. అతనికి కావలసినది ఒక్కటే: చీకటిలో వంపు తిరిగి దూరమవుతున్న పడవ చప్పుడు తడబడకుండ వినబడుతూ ఉండడం. అది వినబడినంతసేపు అతడు గట్టుమీద నిలబడి ఉండేవాడు.